దేవతగా కొలువబడు బాలిక : ఒక ధర్మవిచారము

గోదావరీతీరమందలి రామగుండము, గోదావరిఖని ప్రాంతములలో బొగ్గుబావి దిగు కార్మికుడు ముందుగా మైసమ్మతల్లికి మ్రొక్కి, ఆ తరువాతనే లోనికి అడుగిడును. పైకప్పు కూలకుండ, విషవాయువు కమ్ముకొనకుండ, నీరు విరుచుకొని పడకుండ కాచునది ఆ తల్లియే యని అతని విశ్వాసము. అతని యింటివారు కొలుచునది పోచమ్మను, ఎల్లమ్మను. రెండేండ్లకొకమారు మాఘమాసమున గోదావరి యొడ్డున జాతర జరుగునది సమ్మక్క సారలమ్మలకు. ఈ సింగరేణి సీమలో జనులు ఆపదవేళ తలచుకొను దైవములలో పెక్కురు స్త్రీమూర్తులే.

అయినను 1952 నాటి గనుల చట్టము స్త్రీలు భూగర్భమున పనిచేయుటను నిషేధించినది. ఆ నిషేధము వెనుక స్త్రీల ఆరోగ్యమును కాపాడవలెనను సదుద్దేశము లేకపోలేదు. 2019 జనవరిలో కేంద్రప్రభుత్వము ఆ నిబంధనను సడలించి, పగటివేళలలో సాంకేతిక, పర్యవేక్షణ, నిర్వహణ కార్యములకు స్త్రీలు తమ వ్రాతపూర్వకమైన సమ్మతితో భూగర్భగనులలోనికి పోవచ్చునని అనుమతించెను. అంతవరకును గనిని కాచునది స్త్రీయే, గనిలో అడుగిడరానిదియు స్త్రీయే. ఇందులో గమనింపదగిన విషయ మొకటి కలదు. ఒక సమాజము స్త్రీమూర్తిని ఎంత భక్తితో కొలిచినను, ఆ భక్తి యింటనున్న స్త్రీకి దానంతట అదే గౌరవమై సంక్రమింపదు. కొలువబడు స్త్రీ వేరుగను, బ్రదుకుచున్న స్త్రీ వేరుగను ఉండవచ్చును.

మరి ఆ యిద్దరును ఒక్కరే యైనప్పుడు ఏమగును? రాతిలోను, కుంకుమభరిణెలోను, పసుపుముద్దలోను ఉండవలసిన దేవత ఒక పసిబాలిక శరీరమందు ఉన్నదని జనులు నమ్మి, ఆ బాలికనే గద్దెపై కూర్చుండబెట్టి మ్రొక్కినప్పుడు ఆమెకు లభించునది గౌరవమా, బంధనమా? రాయి ఆకలిగొనదు, ఆడుకొన గోరదు, పెరిగి పెద్దది కాదు. బాలికకు ఈ మూడును కలవు. కావున ఈ ప్రశ్న వట్టి తర్కమునకు చెందినది కాదు; ప్రాణముగల యొక మనిషి బ్రదుకునకు చెందినది.

ఈ ఆచారము మిక్కిలి వైభవముతో నేటికిని నిలిచియున్న చోటు నేపాళము. ఖాట్మండు నగరమున నేవారు జాతిలోని శాక్యకుటుంబములనుండి, అనగా బౌద్ధగృహములనుండి, ఒక చిన్నారిని ఎన్నుకొని, తలేజుదేవి ఆమెయందు ఆవేశించినదని భావించి, 'కుమారి' యను పేర హిందువులును బౌద్ధులును గూడ పూజింతురు. జయప్రకాశ మల్లుడను రాజు 1757లో కట్టించిన కుమారీగృహమందే ఆమె నివాసము. ఉత్సవదినములలో తప్ప ఆమె వెలుపలికి రాదు. వచ్చినప్పుడును పాదము నేలకు తాకనీయరు. ఇంద్రజాత్రయందు ఆమెను రథముపై ఊరేగింతురు. పూర్వము రాజే వచ్చి ఆమెయెదుట తలవంచి తిలకము స్వీకరించెడివాడు. 2008లో రాచరికము పోయి గణతంత్రము వచ్చిన తరువాత రాష్ట్రపతి ఆ స్థానమున నిలిచెను. రాజు పోయినను కుమారి పోలేదు. 2025 సెప్టెంబరులో రెండేండ్ల ఎనిమిది నెలల పసిపాపను తల్లిదండ్రుల యింటినుండి తీసికొనివచ్చి క్రొత్త కుమారిగా కూర్చుండబెట్టిరి.

ఆ పాప ఏ లక్షణములు కలదైయుండవలెనో ముప్పదిరెండింటిని శాస్త్రము చెప్పుచున్నది. ఆమె దేవతగా నుండు కాలమునకు హద్దును గూడ ఆచారమే నిర్ణయించినది. ప్రథమరజోదర్శనమైనను, గాయమువలన మిక్కిలిగ రక్తము స్రవించినను దేవి ఆమెను విడిచిపోయినదని తలంతురు. అంతటితో ఆమె మరల సామాన్యబాలిక యగును.

ఈ యాచారమునందు విచారింపదగిన విశేష మొకటి కలదు. కుమారి దర్శనమునకు వచ్చినవారు ఆమె చేష్టలను శకునములుగా గ్రహింతురు. ఆమె ఏడ్చిన, బిగ్గరగ నవ్విన రోగమో మరణమో దాపురించునని భయపడుదురు. వణకిన చెరసాల యందురు. నైవేద్యమును చేతితో కెలికిన ధననష్టమందురు. ఏ చలనమును లేక మౌనముగ కూర్చున్నచో కోరిక నెరవేరినట్లే యని సంతసించి పోవుదురు. పసిపిల్ల ఏడ్చినప్పుడు తల్లి యేమి చేయును? ఆకలియో, నిద్రయో, నొప్పియో యని పరుగున వచ్చి ఎత్తుకొనును. గద్దెపైనున్న పిల్ల ఏడ్చిన, ఎదుటివాడు తన భవిష్యత్తును గూర్చి ఆలోచించుకొనును. ఆమె ఏడుపు ఆమెది కాకపోయినది. ఆమె నవ్వు ఆమెది కాకపోయినది. ఇతరులకు శుభము కలుగవలెనన్న ఆమె బొమ్మవలె కదలక కూర్చుండవలెను. పూజ యెంత ఘనమైనను, ఇందు ఆ పిల్ల హృదయమును వినువా డొక్కడును లేడు.

న్యాయదృష్టితో రెండవ పక్షమును గూడ చెప్పవలసియున్నది. 1984 మొదలు 1991 వరకు కుమారిగా నుండిన రశ్మిలా శాక్య తన జీవితమును గూర్చి 2005లో వెలువడిన గ్రంథమున, కుమారీగృహమును గూర్చి లోకమున వ్యాపించిన భయంకరకథలు పెక్కు నిజములు కావని తెలిపినది. తనను పెంచినవారు తనను ప్రేమించిరనియే ఆమె చెప్పినది. కాని పండ్రెండవయేట ఇల్లు చేరిన ఆమెకు వీధిలో నడచుటయు, తోబుట్టువులతో మెలగుటయు, బడిలో కూర్చుండుటయు క్రొత్తగ నేర్వవలసిన విద్యలైనవి. తన యీడువారికన్న ఎంతో వెనుకబడి ఆమె చదువు సాగించి, పట్టుదలతో పట్టభద్రురాలైనది. మాజీ కుమారిని పెండ్లాడినవాడు అల్పాయుష్కుడగునని ఒక మూఢనమ్మిక కలదు. పెక్కురు మాజీ కుమారీలు పెండ్లాడి చక్కగ కాపురము చేయుచున్నను ఆ నమ్మిక నశింపలేదు. నిన్నటివరకు ఎవతె చూపు శుభమో, నేడు ఆమె చేయిపట్టుట యశుభము! దేవతగా చేసినవారే ఆమె మనిషియైన పిదప భయపడుదురు.

నేపాళమందే పాటన్ నగరపు కుమారిగా 1954లో రెండేండ్ల వయస్సున గద్దెయెక్కిన ధనకుమారీ బజ్రాచార్య ముప్పదియేండ్లు ఆ స్థానమందే యుండెను. 1984లో ఆమెను తొలగించిరి. తొలగించినను ఆమె ఆ నియమములను విడువలేదు. 2015లో భూకంపము వచ్చి ఇల్లు కంపించినప్పుడు ఆమె తన పాదములతో వీధిలో నడచినది. అదియే ఆమెకు తొలిసారి. భూమి కదలువరకు ఆమె భూమిపై నడువలేదు. దీనిని నిష్ఠ యనవచ్చును. కాని రెండేండ్ల పసిపాపకు నిష్ఠ యనునది యెట్లు తెలియును? తెలియకముందే కట్టినది, తెలిసిన పిదప విప్పుకొనరానిదైనది.

2008లో నేపాళ సర్వోన్నత న్యాయస్థానము ఈ విషయమును విచారించి, ఆచారమును రద్దుచేయక, కుమారికి విద్య, ఆరోగ్యము, స్వేచ్ఛ మున్నగు బాలల హక్కులను నిరాకరింపరాదని తీర్పు చెప్పినది. ఇప్పుడు ఉపాధ్యాయులు కుమారీగృహమునకే పోయి చదువు చెప్పుచున్నారు. పదవి విడిచిన కుమారీలకు ప్రభుత్వము నెలసరి భృతి నిచ్చుచున్నది. ఆచారమును నిలిపియుంచినను బాలికను మరువరాదని ఆ దేశము గుర్తించిన దనుటకు ఇది నిదర్శనము.

ఇట్టి ఆచారము ఎక్కడో హిమాలయములందే గలదని తెలుగువారు నిశ్చింతగ నుండరాదు. 1909లో వెలువడిన దక్షిణభారత కులములు, తెగల వర్ణనగ్రంథమున థర్‌స్టన్, రంగాచారి అను పండితులు పలనాటిసీమ తుమ్రికోటయందలి 'మాతంగి'ని వర్ణించిరి. మాదిగకులమున పుట్టిన యొక కన్యను ఎల్లమ్మ ఆవహించినదని నిశ్చయించి మాతంగిగ నిలుపుదురు. ఆమె పెండ్లాడరాదు. ఉత్సవమున ఆమె ఆవేశముతో పరుగులిడుచు అగ్రవర్ణములవారిపై ఉమ్మివేయును, దుర్భాషలాడును, బెత్తముతో తాకును. వారు దానిని పావనముగ భావించి తలవంచి స్వీకరింతురని ఆ గ్రంథము తెలుపుచున్నది. ఏడాది పొడుగునను ఎవరిని తాకరాదనిరో, ఆమె ఉమ్మినే ఆ యొక్కనాడు పవిత్రమనిరి. దీనిని చూచి కొందరు కులగర్వము అణగినదని మెచ్చుకొందురు. కాని మరునాడేమైనది? ఊరి బావి ఆమెకు తెరువబడినదా? బడిలో ఆమెకు చాపవేసిరా? ఒక్కనాటి తలక్రిందులు మిగిలిన దినములన్నిటి నడవడిని చెక్కుచెదరకుండ నిలుపుటకే తోడ్పడినది. ఏడాదికొకమారు తలవంచినవానికి తక్కిన దినములలో తలయెత్తుకొని తిరుగుటకు సంకోచము లేకపోయినది.

తెలంగాణమున ఈ యాచారమునకు 'జోగిని' యని పేరు. నిజామాబాదు, మహబూబునగరు, కరీంనగరు మున్నగు సీమలలో దళితకుటుంబముల ఆడపిల్లలను పసితనముననే ఎల్లమ్మకో పోచమ్మకో అంకితము చేసెడివారు. పిల్లకు తీరని జబ్బు చేసినను, తలవెండ్రుకలు జడలు కట్టినను, ఇంట మగసంతానము లేకపోయినను, ఊరికి కరవు వచ్చినను, 'అమ్మ కోరినది' యనెడివారు. దేవతపేర తాళి కట్టిన పిదప ఆమె మరియొకని పెండ్లాడరాదు. జాతరనాడు ఆమెయే అమ్మవారు: నొసట బండారు, చేత వేపమండ, నోట భవిష్యవాణి. జాతర ముగిసిన తరువాత ఊరి పెద్దమనుషుల కామమునకు ఆమె వశమై యుండవలసినదే. ఊరిలో పీనుగు లేచిన ముందు నడచి చిందువేయవలసినదియు ఆమెయే. ఆమె బిడ్డలకు తండ్రిపేరు లేదు. ఇట్టి బ్రదుకును దేవత యనుగ్రహ మనుటకు నోరెట్లు వచ్చినది?

రాయలసీమయందును బళ్ళారి ప్రాంతమందును ఇట్టి స్త్రీకి గల పేరును ఈ పత్రిక చదువువారు ప్రత్యేకముగ గమనింపవలెను. ఆ పేరు 'బసివి'. దేవునికి విడిచిన ఆబోతును బసవడందురు. అట్లే దేవునికి విడిచిన స్త్రీ బసివి. మగబిడ్డలు లేని తల్లిదండ్రులు కూతును బసివిగ విడిచినచో ఆమె కొడుకువలె ఆస్తికి వారసురాలై, తలకొరివి పెట్టుటకు అర్హురాలయ్యెడిదని 1890ల తొలినాళ్ళలో ఫాసెట్ అను పరిశోధకుడు వ్రాసియున్నాడు. పైకి చూచిన ఇది స్త్రీకి పురుషునితో సమానమైన హక్కు నిచ్చినట్లే తోచును. లోతుగ విచారించిన, కూతురు కూతురుగనే వారసురాలు కాజాలదను అన్యాయమునుండి పుట్టిన తప్పుదారి యని తేలును. ధర్మమార్గమున ఈయవలసిన హక్కును ఈయక, ఆమె శరీరమును మూల్యముగ గొని ఇచ్చిరి. స్త్రీపురుషులకు సమానముగ లింగధారణ చేయించిన బసవేశ్వరుని పేరునకు దగ్గరగ నున్న ఒక పదము స్త్రీని ఊరుమ్మడి సొత్తుగ చేయు ఆచారమునకు అంటుకొని యుండుట ఆ మహనీయుని పేరు చెప్పుకొనువా రందరికిని సిగ్గుచేటు. పదము పుట్టుక ఆబోతునుండియే కావచ్చును. కాని ఆ మచ్చను తుడుచు బాధ్యత శరణసమాజమునకు తప్పదు.

చట్టములు ఆలస్యముగనైనను వచ్చినవి. ముత్తులక్ష్మీరెడ్డి మున్నగువారి పోరాటఫలముగ 1947లో మదరాసు రాష్ట్రమునను, తరువాత 1982లో కర్ణాటకమునను, 1988లో ఆంధ్రప్రదేశమునను దేవదాసీ అంకితమును నిషేధించు చట్టములు వెలువడినవి. నిజామాబాదు జిల్లాలో 1980లలో హేమలతా లవణం, లవణం దంపతులు జోగినుల నడుమ పనిచేసి, వారికై 'చెల్లి నిలయము'ను నెలకొల్పిరి. మహాకవి జాషువా కుమార్తెయైన హేమలత యెన్నుకొన్న ఆ పేరునందే గొప్ప భావము కలదు. ఊరు ఆమెను 'అమ్మ' యని మ్రొక్కి పాడుచేసినది. ఈమె 'చెల్లీ' యని పిలిచి చేయందించినది. అమ్మయని పిలిచినవానికి ఆమెనుండి వరము కావలెను. చెల్లియని పిలిచినవారు ఆమె యోగక్షేమమును తామే చూడవలెను. ఈ రెండు పిలుపుల నడుమనున్న భేదమే ఈ విచారమంతటికిని కీలకము.

ఇక ఈ యాచారములను సమర్థించువారి వాదములను పరిశీలింపవలెను. మొదటిది: ఆడుబిడ్డయందు పరాశక్తిని చూచుట మన ధర్మమున ఉన్నతభావము కాదా యని. ఔను, నిస్సంశయముగ ఉన్నతభావమే. శరన్నవరాత్రులలో కుమారీపూజ చేయువారు పసిపిల్లకు పాదములు కడిగి, పసుపు పూసి, క్రొత్తబట్టలు పెట్టి, భోజనముచేసి పంపుదురు. సాయంత్రమునకు ఆమె తన యింట తల్లియొడిలో నుండును. మరునాడు బడికి పోవును. వివేకానందస్వామి 1898లో కాశ్మీరమున ఒక ముసల్మాను పడవవాని నాలుగేండ్ల కూతును ఉమాదేవిగ భావించి పూజించెను. 1901లో బేలూరు మఠమున కుమారీపూజ చేయించెను. ఇచట పూజవలన మారవలసినవాడు పూజించువాడే. ఆ బాలిక బ్రదుకునందలి యొక్క దినము గూడ ఆమెకు తరుగలేదు. కావున దోషము భావమందు లేదు. ఆ భావమును నెపముగ గొని బాలిక బ్రదుకును స్వాధీనము చేసికొనుటయందున్నది.

రెండవ వాదము: ఆమెయు, ఆమె తల్లిదండ్రులును సంతోషముగనే అంగీకరించిరి గదా యని. సమ్మతి యనునది 'కాదు' అనుటకు శక్తి గలవానికే చెల్లును. రెండేండ్ల పాపకు ఆ శక్తి లేదు. ఊరంతయు 'అమ్మ కోరినది' యని చుట్టుముట్టినప్పుడు భూమి లేని కూలివానికిని ఆ శక్తి లేదు. వేములవాడ రాజరాజేశ్వరుని సన్నిధిని శ్రీరామనవమి నాడు సీతారామకల్యాణవేళ శివపార్వతులు, జోగినులు తలంబ్రాలు పోసికొని తాము శివుని పెండ్లియాడితిమని భావింతురు. అందు వయస్సు వచ్చి తమంత తాము ఆ మార్గమును ఎన్నుకొన్నవారు గలరు. వారి భక్తిని తప్పుపట్టుట కెవరికిని అధికారము లేదు. కాని తెలియని వయస్సున ఒరులు కట్టిన తాళికిని, తెలిసి తాను చేసికొన్న సమర్పణమునకును గల దూరము రాత్రికిని పగటికిని గల దూరమంతటిది.

మూడవ వాదము: నమ్మినవారి నమ్మికను చెరుపనేల యని. నమ్మిక నమ్మువానినే బంధించినంతవరకు ఈ మాట చెల్లును. 1960లో సత్యజిత్ రాయ్ నిర్మించిన 'దేవి' యను బెంగాలీ చలనచిత్రమున ఒక మామ తన పిన్నవయస్సుగల కోడలు కాళికయే యని కలగని, ఆమె పాదములపై పడును. ప్రభాత్‌కుమార్ ముఖోపాధ్యాయ కథ దానికి మూలము. ఆ ముసలివాడు దుష్టుడు కాడు, కపటి కాడు; నిష్కల్మషమైన భక్తుడు. అయినను ఆ భక్తి తుదకు ఇంటి పసివాని ప్రాణమును, కోడలి మతిని హరించినది. ఆమె వరము లీయగలదని నమ్మి వైద్యుని మానిరి. ఒకని నమ్మిక మరియొకరి శరీరముపై నిలువబడినప్పుడు నమ్మినవాని చిత్తశుద్ధి మాత్రము చాలదు.

మరి దైవత్వము గల బాలిక యెట్లుండును? తెలంగాణపు నేలయే దీనికి సమాధానము చెప్పుచున్నది. సమ్మక్క కథను తలచుకొనుడు. పొలవాస నేలిన మేడరాజు వేటకు పోయినప్పుడు పులుల నడుమ ఆడుకొనుచున్న పసిపాప కనబడినదనియు, కోయలు ఆమెను దేవతగ భావించిరనియు జనులు చెప్పుకొందురు. అంతటితో ఆమెను గద్దెపై కూర్చుండబెట్టి కదలనీయకుండినచో సమ్మక్క సమ్మక్క యయ్యెడిది కాదు. ఆమె ఆడుకొన్నది, పెరిగినది, పగిడిద్దరాజును పెండ్లాడినది, సారలమ్మను, నాగులమ్మను, జంపన్నను కన్నది. కరవుకాలమున కప్పము కట్టలేని ప్రజలపై కాకతీయసేన దండెత్తినప్పుడు కత్తి పట్టినది. చిలుకలగుట్టవైపు పోయి అదృశ్యమైనది. అచట కుంకుమభరిణె మిగిలినది. జనులు ఆమెను కొలుచునది ఆమె నిండుగ బ్రదికినందులకు. మేడారమున లక్షలజనము తరలివచ్చునది ఒక బ్రదుకు ముగిసిన పిదప మిగిలిన భరిణె దర్శనమునకు. ఒక బ్రదుకును మొగ్గలోనే ఆపివేసి చేసిన బొమ్మను చూచుటకు కాదు.

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన గొడగూచి కథయు ఇట్టిదే. తండ్రి ఊరికి పోవుచు శివునికి పాలు నివేదింపుమని చిన్నదానికి చెప్పిపోయెను. శివుడు పాలు త్రాగుననియే ఆ ముగ్ధ నమ్మినది. త్రాగకపోగా బ్రతిమాలినది, ఏడ్చినది, ప్రాణము విడుతునని బెదరించినది. శివుడు దిగివచ్చి త్రాగెను. తిరిగివచ్చిన తండ్రి నమ్మక, పాలు తానే త్రాగినదని ఆమెను కొట్టబోగా లింగము ఆమెను తనలో చేర్చుకొనెను. తండ్రి చేతికి చిక్కినది కురులు మాత్రమే. ఈ కథలో గమనింపవలసినదేమన, ఆ పిల్లను ఎవరును పూజింపలేదు. పూజించినది ఆమె. మాటలాడినది ఆమె, అలిగినది ఆమె, వాదించినది ఆమె. ఆమె ఏడుపును శకునముగ చూడక, ఏడుపుగనే విన్నవాడు శివుడొక్కడే. తండ్రి వినలేదు. బిడ్డ మాట వినని తండ్రి శివభక్తుడైనను బిడ్డను కోల్పోయెను.

శరణుల మార్గమున దీని కంతటికిని ఆధారము కలదు. చెల్లిపోయిన ఆచారము చెప్పినదని తన యక్క నాగమ్మకు లేని ఉపనయనము తనకును వలదని బాలబసవడు నిరాకరించినట్లు సంప్రదాయము చెప్పుచున్నది. ఇష్టలింగము చేతికి వచ్చిన పిదప స్త్రీకి గాని పురుషునికి గాని దైవమునకును తనకును నడుమ మరియొక శరీరముతో పనిలేదు. ఎవని పూజ వాడు చేసికొనవలెను. ఎవని నడతకు వాడే బాధ్యుడు. ఊరి పాపము కడుగుటకు ఒక పసిపిల్లను, ఊరికి వానలు కురియించుటకు మరియొక పిల్లను ముందునకు త్రోయుట, తాను చేయవలసిన పనిని బిడ్డ తలపై మోపుటయే. అక్కమహాదేవి అనుభవమంటపమునకు వచ్చినప్పుడు శరణులు ఆమెను చూచి తటాలున సాగిలపడి ఊరకుండలేదు. అల్లమప్రభువు ఆమెను ప్రశ్నించెను. ఆమె నిర్భయముగ సమాధానము లిచ్చెను. ప్రశ్నించుటయు, సమాధానమును శ్రద్ధతో వినుటయు, ఆ పిదప శిరసు వంచుటయు - ఇదియే మనిషికి మనిషి చేయు గౌరవము. ప్రశ్నకును సమాధానమునకును అవకాశము లేని చోట ఎన్ని దీపములు వెలిగించినను అది గౌరవము కాదు.

ఈ విచారము ఇతరుల ఆచారములకే పరిమితమైనచో సంపూర్ణము కాదు. మఠములకు ఉత్తరాధికారిని బాల్యముననే యెన్నుకొను పద్ధతి పలుసంప్రదాయములలో కలదు. 2021లో కర్ణాటక ఉన్నత న్యాయస్థానము ఉడుపి శీరూరు మఠమునకు పదునెనిమిదేండ్లు నిండని వటువు పీఠాధిపతి యగుట చట్టవిరుద్ధము కాదని తీర్పు చెప్పినది. చట్టము అనుమతించినంత మాత్రమున ధర్మము విచారింపక మానదు. బాలస్వామికిని జోగినికిని పోలిక లేదనుట నిజమే. అతనికి విద్య కలదు, రక్షణ కలదు, సమాజమున జీవితాంతము గౌరవము కలదు. అయినను పెద్దలు అడుగవలసిన ప్రశ్నలు ఆ యిద్దరి విషయమునను ఒక్కటే. ఆ బిడ్డ తెలిసి ఒప్పుకొన్నదా? పెరిగిన పిదప వలదనుకొన్నచో నిందలేకుండ తిరిగిపోవుటకు దారి కలదా? ఆ స్థానము తొలగినను తన కాళ్ళపై తాను నిలుచుటకు వలసిన చదువు ఆ బిడ్డకు అందుచున్నదా? ఆ పూజవలన లాభము పొందుచున్నది ఆ బిడ్డయా, చుట్టునున్నవారా? ఈ నాలుగింటికిని నిర్భయముగ సమాధానము చెప్పగల మఠము ధన్యము. చెప్పలేనిచో వయస్సు వచ్చువరకు ఆ బిడ్డను విద్యార్థిగనే యుంచుట పీఠమునకు గాని భక్తులకు గాని నష్టము కాదు.

ఈ ప్రశ్నలతోనే పై యాచారములను తూచి చూడవచ్చును. ఒక్కనాటి కుమారీపూజ నాలుగింటను నిలుచును. నేపాళపు కుమారి, చదువును భృతియు వచ్చిన పిదప, మూడవదానియందు కొంత నిలుచును, మొదటిదానియందు నిలువదు. జోగిని వ్యవస్థ ఒక్కదానియందును నిలువదు. కావున అన్నిటిని ఒక్కగాటన కట్టి నిందించుటయు తప్పే, ఆచారమను పేరుతో అన్నిటిని మన్నించుటయు తప్పే.

బతుకమ్మకు ముందుదినములలో తెలంగాణపు పల్లెలలో పెండ్లికాని ఆడపిల్లలు మట్టితో బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, చుట్టును తిరుగుచు చప్పట్లు చరచుచు పాడుకొందురు. బొగ్గుబావుల కాలనీలకు పల్లెలనుండి వచ్చిన కుటుంబములును ఈ ఆటపాటలను వెంట తెచ్చుకొన్నవి. అందు దేవత మట్టిది, పిల్లలు పాడువారు. ఆట ముగిసిన పిదప దేవతను నీట కలిపి పిల్లలు ఇంటికి పోవుదురు. పూర్వుల తెలివి ఇందు కనబడుచున్నది. నీట కలుపవలసినది మట్టిని; ఇంటికి పంపవలసినది పిల్లలను. దీనిని తారుమారు చేసిన చోటనే కీడు పుట్టినది.

కావున లింగవంత గృహస్థులును, మఠాధిపతులును తమ పరిసరములందు జరుగుచున్నదానిపై కన్నువేసి యుండవలెను. ఆడుబిడ్డకు తల జడలు కట్టిన అది దేవత పిలుపు కాదు. నూనె పెట్టి చిక్కు తీయవలసినది, లేదా కత్తిరింపవలసినది. బిడ్డకు తరచు మూర్ఛ వచ్చిన, ఉలికిపాటు కలిగిన వైద్యునికి చూపవలెను. ఎచటనైన పసిపిల్లను దైవమునకు విడుతురని తెలిసిన, అది 1988 చట్టమువలన నేరమని ఆ తల్లిదండ్రులకు మెల్లగ నచ్చజెప్పి, వినకున్న అధికారులకు తెలుపవలెను. పేదరికమే ఆ పనికి మూలమైనచో ఆ పిల్ల బడిఖర్చును, తిండిని ఏ మఠమైన పూనుకొనుట వేయి అభిషేకములకన్న మిన్నయగు దాసోహము. ఆ పిల్ల పెరిగి పెద్దదై తన యిష్టమువచ్చినట్లు ఉపాధ్యాయురాలో, వైద్యురాలో, భూగర్భమున దిగు గని యింజనీరో, గృహిణియో, విరాగిణియో కావచ్చును. ఏది యగునో నిర్ణయించునది ఆమె. ఆమెకు ఆ దినము వచ్చువరకు కాచియుండుటయే పెద్దలు చేయదగిన పూజ.